గోదావరిలో పడ్డ నాలుగు గవ్వలు

రైలు గోదావరి వంతెన ఎక్కగానే ఆమెకు భక్తి పొంగుకొచ్చిందట. చేతిలో ఉన్నది పైసో గవ్వలో చూసుకోకుండా, ఆడుకుంటున్న గవ్వల్ని నదిలో విసిరేసి పైసను భద్రంగా ఇంటికి తెచ్చుకుందట. మా ఇంట్లో ఈ కథ పెళ్లిళ్లలో చెప్తారు, పురుళ్లలో చెప్తారు, కరెంటు పోతే చెప్తారు. మా తమ్ముడైతే లేచి నిలబడి, చేయి ఊపి మరీ చూపిస్తాడు. ఆ రోజు వాడికి ఆరేళ్లు, పైగా అవతలి కిటికీకి ముఖం ఆనించి పట్టాల కింద నీళ్లు చూస్తున్నాడు. చూడనివాళ్లే బాగా చెప్తారు కథలు. నేను ఇన్నేళ్లూ విని ఊరుకున్నాను. నేను ఏ విషయంలోనైనా ఊరుకున్నానంటే మావాళ్లెవరూ నమ్మరు, అయినా ఈ ఒక్కదాంట్లో ఊరుకున్నాను. దానికి కారణం ఉంది, అది నాకేమంత గౌరవం తెచ్చేది కాదు. ఇప్పుడు చెప్తాను. ఆ కథ తప్పు.

ఇప్పుడే ఎందుకంటే, పోయిన నెల ప్రయాణం. తమ్ముడు, మరదలు, వాళ్ల బిడ్డ, నేను, ఆమె, అందరం పెద్దపల్లిలో రైలెక్కి బెల్లంపల్లి వెళ్తున్నాం. తమ్ముడి బిడ్డకు ఎనిమిదేళ్లు. దారిలో ఊరికే ఉండదని హైదరాబాదులో ఏదో ఆట కొనిపెట్టారు. అరచేతి వెడల్పు డబ్బా, తెరిస్తే గళ్ల పలక, అడుగున అయస్కాంతం. కాయలు పెడితే అతుక్కుపోతాయి, రైలు ఎంత ఊగినా జారవు. "చూసినవా అత్తమ్మా, బోర్లేసినా పడయి" అని ఆ పిల్ల దాన్ని తలకిందులు చేసి నా ముక్కు ముందు ఊపింది. "మన చిన్నప్పుడు గిసొంటియి ఎక్కడియి వదినా" అంది మరదలు. నేను నోరు తెరిచాను. తెరిచి ఎదుటి సీటు వైపు చూశాను. కిటికీ పక్కన కూర్చున్న ఆమె బయటి పత్తిచేలను చూస్తూ, నవ్వీ నవ్వనట్టు ఉంది. ఆమెకు కుడిచెవి వినపడదు. ఎడమచెవి తనకు ఇష్టమైనప్పుడు వినపడుతుంది. ఆమె ఆ పిల్లకు నానమ్మ, మా నాన్నకు, అంటే బాపుకు, రెండో భార్య. నాకేమవుతుందన్నదే అసలు గొడవ.

ఆ గవ్వల ప్రయాణం నాటికి కొత్త పైసలు వచ్చిన కొత్త. మా బాపమ్మ, అంటే బాపును కన్నతల్లి, వాటిని పైసలని ఒప్పుకోక గుండీలు అంటుండేది. మాది మంథనిలో నేత ఇల్లు. ఒక్క మగ్గం ఇద్దరన్నదమ్ములను సాకలేదని తెలిశాక పెదబాపు మగ్గం దగ్గర ఉండిపోయాడు, బాపు బెల్లంపల్లి పోయి బొగ్గుబాయిలో దిగాడు. నాకు ఏడేళ్లప్పుడు మా అవ్వ, మమ్మల్ని కన్నతల్లి, జ్వరంతో పోయింది. తమ్ముడు అప్పటికి నాలుగేళ్లవాడు, వాడికి ఆమె ముఖం గుర్తులేదు. నాకు ఉంది. రెండేళ్లు బాపమ్మ దగ్గర పెరిగాం. ఆ తర్వాత బాపుకు వేములవాడ దిక్కు ఒక ఊరి సంబంధం కుదిరింది. వాళ్లదీ నేత ఇల్లే. పిల్లకు ఇరవై రెండేళ్లు వచ్చినా పెళ్లి చేయలేదంటే చుట్టాలు ఏదో లోపం ఉందనుకున్నారు. లోపమేమీ లేదు. ఇంట్లో రెండో మగ్గం ఆమెదే, ఆ చేతులు పోతే ఇల్లు నడవదని పుట్టింటివాళ్లు అంత కాలం గుట్టుగా ఉన్నారు, అంతే. పెళ్లయింది, సెలవు లేక బాపు నాలుగో రోజే బాయికి వెళ్లిపోయాడు. అక్కడ ఇల్లు సర్దుకున్నాక ఆమె మమ్మల్నిద్దర్నీ వెంటబెట్టుకుని రావాలి, తోడు బాపమ్మ రావాలి అని తీర్మానం.

ఆ మధ్యలో పదిహేను రోజులు ఒకే ఇంట్లో ఉన్నాం. ఆ పదిహేను రోజులూ ఆమె పేరు నా నోట్లో "ఇగో". ఇగో, బాపమ్మ పిలుస్తుంది. ఇగో, పొయ్యి ఆరిపోయింది. తమ్ముడు మూడో రోజుకే అవ్వా అవ్వా అని వెంట తిరగడం మొదలుపెట్టాడు, వాడికి బెల్లంముక్క చాలు. నన్ను మాత్రం వాడకట్టు ఆడవాళ్లంతా పట్టుకున్నారు. "అవ్వ అనరాదె పిల్లా, నోరు అరుగుతదా?" అంది బాపమ్మ ఓ రోజు, పదిమంది ముందు. "అరుగుతది" అన్నాను. బాపమ్మ చెయ్యెత్తింది. ఆమె అడ్డం వచ్చి, "పోనియ్యి అత్తా, పిలిచినప్పుడు పలుకుతున్న గద" అంది. అది నాకు ఇంకా కోపం తెప్పించింది. కొట్టనిస్తే నా కోపానికి ఒక న్యాయం ఉండేది. ఆ మాట నేను ఒకరికి ఇచ్చేశాను, వాళ్లు వాపసు ఇవ్వకుండానే పోయారు, మరి ఇంకొకరికి ఎక్కడినుంచి తెచ్చివ్వాలి? ఇంత బాగా అప్పుడు చెప్పగలిగితే దెబ్బలు తప్పేవి. తొమ్మిదేళ్లకు అంత చదువు లేదు.

ఇప్పటి తల్లులకు ఒక సంగతి చెప్పాలి. ఆ కాలంలో ప్రయాణంలో పిల్లల్ని ఆడించడమన్న ఆలోచనే ఎవరికీ లేదు. పిల్లల్ని మూటలతో పాటు మోసుకుపోయేవాళ్లు. మూట ఏడవదు, పిల్లలు ఏడుస్తారు, తేడా అంతే. ఏడిస్తే బాపమ్మ దగ్గర మూడు మందులుండేవి. మొదట మక్కపేలాలు. అవి అయిపోతే, "అగో పోలీసోడు వస్తుండు." పోలీసు రాకపోతే వీపు మీద ఒకటి. మంథని నుంచి పెద్దపల్లి బస్సులో ఆ మూడూ గంటలోపే ఖర్చయిపోయాయి. తమ్ముడు రెండుసార్లు కక్కుకున్నాడు, ఒకసారి తన అంగీ మీద, ఒకసారి పక్కాయన మూట మీద. స్టేషన్‌కు వచ్చేసరికి వాడు ఏడుపుతో, బాపమ్మ తిట్లతో అలసిపోయి ఉన్నారు. ప్యాసింజరు రావడానికి ఇంకా చాలా సేపుందన్నారు.

అప్పుడామె సంచిలోంచి ఒక తువ్వాల తీసింది.

ఆ తువ్వాల పుట్టుక నేను చూశాను, అదేమిటో తెలియక. మంథనిలో పెదబాపు మగ్గం మీద ఒక పడుగు అయిపోవచ్చి, చివర మూరెడు మిగిలింది. అంతటి ముక్క ఎందుకూ పనికిరాదని కోసి పారేస్తారు. "జర ఆగుండ్రి బావా, గది నాకియ్యిండ్రి" అని ఆమె మగ్గంలో కూర్చుని ఒక పగటిపూటలో దాన్ని నేసేసింది. ఎర్రగళ్లు, అడ్డం ఐదు, నిలువు ఐదు. దూరం నుంచి చూసి, పుట్టింటి పనితనం ఇంతేనన్నమాట అనుకున్నాను, ఎందుకంటే ప్రతి గడి మధ్యలోనూ ఒక దారం వదులుగా లేచి ఉంది. నేతలో అది తప్పు. ఇప్పుడు స్టేషన్‌లో తువ్వాల పరిచాక బాపమ్మ కూడా అదే చూసింది. "గిదేందే, తువ్వాలకు గిన్ని చెవులు పెట్టినవ్" అంది. ఆమె చీపురుపుల్ల ముక్కలు ఎనిమిది తీసింది, నాలుగింటికి ఎర్రదారం చుట్టి, నాలుగింటికి పసుపుదారం చుట్టి. ఒక ముక్కను ఒక గడిలోని చెవి కింద దూర్చి, తువ్వాలను రెండు చేతులతో పట్టుకుని దులిపింది. పుల్ల కదల్లేదు. తమ్ముడు ఏడుపు మధ్యలో ఆపేశాడు. అది అష్టాచెమ్మ. రైలు కోసం నేసిన అష్టాచెమ్మ. అయస్కాంతం డబ్బా చూసి నేను నోరు తెరిచింది ఇది చెప్పడానికే. గవ్వలు దొర్లిపోకుండా గిన్నెమూతను ఒళ్లో పెట్టుకుని అందులో వేసేది.

అష్టాచెమ్మ తెలియని పిల్లలకోసం రెండు ముక్కలు. నాలుగు గవ్వలు వేస్తారు. ఎన్ని వెల్లకిలా పడితే అన్ని గడులు నడవాలి, నాలుగూ బోర్లా పడితే ఎనిమిది. కాయ బయటి వరస చుట్టి, లోపలి వరస చుట్టి, నడుమ గడికి చేరితే పండినట్టు. నాలుగు కాయలూ ముందు పండించుకున్నవాళ్లది గెలుపు. నేను అటు తిరిగి కూర్చుని, పట్టాలు లెక్కబెడుతున్నట్టు నటిస్తూ, కంటి కొసతో చూస్తున్నాను. ఆమె తమ్ముడికి నేర్పుతూ ఒక కాయను బయటి వరస నుంచి లోపలికి తీసుకెళ్లింది. నాకు నోరు ఆగలేదు. "ఒక్క కాయన్న చంపకుంట లోపటికెట్ల పోతది?" అన్నాను. అదే నేను ఆమెతో 'ఇగో' లేకుండా మాట్లాడిన మొదటి మాట.

"మా ఊర్ల పోతది."

"మా ఊర్ల పోదు. ముందు అవతలోళ్ల కాయను చంపాలె."

"గట్లనా. మరి ఇప్పుడు ఏ ఊర్ల ఉన్నం?"

"పెద్దపల్లిల."

"పెద్దపల్లోళ్లను అడుగుదమా?" అని నిజంగానే పక్కన కూర్చున్న సామాన్ల కూలీని అడిగింది. ఆయన నవ్వి, "చంపాలెనమ్మా" అన్నాడు. "అయితె నీ లెక్కనే ఆడుదం, రా" అంది. గెలిచినదానిలా వెళ్లి కూర్చున్నాను. ఇప్పుడు తలుచుకుంటే తెలుస్తుంది, ఆ వాదన నేను గెలవలేదు. నేను వెళ్లి కూర్చున్నాను.

ఒక ఆట అక్కడే అయిపోయింది, నేను ఓడాను. రైలొచ్చాక పెట్టెలో చోటు చూసుకుని రెండో ఆట మొదలుపెట్టాం, అదీ ఓడాను. ఆమె పిల్లలని దయ చూపించే మనిషి కాదు. తన వంతు గవ్వలు ఒక్కోసారి తమ్ముడి చేత వేయించి మరీ నా కాయల్ని ఒక్కొక్కటే చంపేది, చంపినప్పుడల్లా పుల్లను చెవి కిందినుంచి లాగి ఊదేది. నేను ఉడికిపోయి ఉన్నాను. అంత ఉడుకులో అన్నాను, "ఇగో, ఈసారి పందెం. నేను గెలిస్తె నిన్ను ఎన్నడు అవ్వ అన. ఎవ్వలు కొట్టినా అన."

బాపమ్మ పేలాలు నములుతున్న నోరు ఆపింది. ఆమె గవ్వలు గుప్పిట్లో ఆడించింది. "మరి నేను గెలిస్తె?"

"అంట."

"ఒట్టా?"

"ఒట్టు."

"పోరితోని పందెమాడుతవాయె, సిగ్గులేదా" అంది బాపమ్మ కోడలితో. అంటూనే జరిగి కూర్చుంది, ఆట బాగా కనపడటానికి.

ఆ మూడో ఆటను నేను ఆడినట్టు తర్వాత ఏ పరీక్షా రాయలేదు. రామగుండం వచ్చింది, పోయింది, ఎవరో ఎక్కారు, ఎవరో దిగారు, నాకు తువ్వాల తప్ప ఏమీ కనపడలేదు. నా మూడు కాయలు పండాయి. ఆమెవీ మూడు పండాయి. ఇద్దరికీ చెరొక పుల్ల మిగిలింది. నాది నడుమ గడికి ఒక్క అడుగు దూరంలో, ఆమెది రెండు అడుగుల దూరంలో. చూసేవాళ్లకు నేనే ముందున్నట్టు. తమ్ముడు, "అక్క గెలుస్తది" అన్నాడు కూడా. వాడికి లెక్కలు అప్పుడూ రావు. గవ్వలు వేయాల్సింది ఆమె, ఆమెకు కావలసింది రెండు. నాలుగు గవ్వలు వేస్తే అన్నిటికన్నా తేలిగ్గా పడేది రెండే. కాలేజీలో లెక్కలు చదివాక పదహారింట ఆరుసార్లు అని కాగితం మీద చేసుకున్నాను గానీ, ఆ రోజు అంతకన్నా బాగా తెలుసు, పొద్దున్నుంచి ఆమె చేతిలో రెండు ఎన్నిసార్లు పడిందో చూశాను కాబట్టి. నేను ఓడిపోబోతున్నానని నాకు తెలిసింది. నా ముఖం ఆమెకు ఎదురుగానే ఉంది.

అప్పుడు చప్పుడు మారింది. రైలు వంతెన ఎక్కింది. పెట్టెలోవాళ్లంతా లేచారు, గోదారమ్మ గోదారమ్మ అంటూ కిటికీల దగ్గరికి తోసుకున్నారు, తమ్ముడు అవతలి కిటికీకి ఉరికాడు, పైసలు నదిలోకి వేస్తున్నారు. బాపమ్మ రెండు చేతులూ జోడించి కళ్లు మూసుకుంది. ఆమె గవ్వలున్న గుప్పిటను గిన్నెమూత మీదికి తెచ్చింది, ఆపింది. తర్వాత ఆ చెయ్యినే కిటికీ ఊచల మధ్యనుంచి బయటికి చాపి, వేళ్లు విప్పింది.

వంతెన దాటేసరికి బాపమ్మ కళ్లు తెరిచి, "గవ్వలేవే?" అంది. ఆమె ఖాళీ అరచెయ్యి చూసుకుంది, నాలుక కరుచుకుంది. "అయ్యో అత్తా, పైస అనుకొని ఏసిన." బాపమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. పెట్టెంతా నవ్వింది. ఎర్రి కోడలు, ఎర్రి కోడలు అంటూ బాపమ్మ ఆ కథను మంచిర్యాలకే మొదలుపెట్టి, బెల్లంపల్లిలో బాయి ఇండ్ల వరసంతా చెప్పి, తిరుగు ప్రయాణంలో మంథని దాకా పంచింది. ఇన్నేళ్లుగా మా ఇంట్లో నడుస్తున్న కథకు సాక్షి, కళ్లు మూసుకుని దండం పెట్టుకుంటున్న ముసలామె. అది ముందు గమనించండి.

తువ్వాల మీద పుల్లలు రెండూ అలాగే ఉన్నాయి. "మరి పందెం?" అన్నాను. "ఆట ఒడువందే పందెమెక్కడిది బిడ్డా" అని, ముగియని ఆట పుల్లల్ని అలాగే లాగి, తువ్వాల మడిచి సంచిలో పెట్టింది.

ఇక రెండోది. మంచిర్యాలలో రైలు ఆగినప్పుడు మాకు జామకాయలు కొన్నది. కొంగు చివర ముడి విప్పింది, పళ్లతో, గట్టిగా వేసిన ముడి కాబట్టి. గోదారమ్మకని పొద్దున ఇంట్లో బాపమ్మే ఇచ్చి, దగ్గరుండి వేయించిన ముడి అది. అందులోంచే పైస వచ్చింది. అంటే వంతెన మీద పైస ఆమె చేతిలో లేదు. ఒక చేతిలోది ఇంకో చేతిలోదనుకోవడానికి, గవ్వల్ని పైస అనుకోవడానికి అసలు పైస చేతికే రాలేదు. వందల పోగుల్లో ఒక్కటి తెగితే చీకట్లో వేలితో తడిమి పట్టుకునే మనిషి, నాలుగు గవ్వల్ని పైస అనుకుందా? పదేళ్ల పాటు మంథనికీ బెల్లంపల్లికీ మధ్య ఆ తువ్వాల మీద, గవ్వల బదులు గచ్చుకు అరగదీసిన చింతగింజలతో, ఎన్ని ఆటలు ఆడామో. ఏ ఒక్కసారీ ఆమె నన్ను కావాలని గెలవనివ్వలేదు, తమ్ముణ్నీ గెలవనివ్వలేదు, జ్వరంలో ఉన్నా గెలవనివ్వలేదు. నేను ఇన్నేళ్లు ఊరుకున్నది ఎందుకో ఇప్పుడు చెప్పక తప్పదు. ఈ సాక్ష్యం బయటపెడితే, ఆ ఆటలో నేను ఓడిపోబోయానని కూడా ఒప్పుకోవాలి.

బెల్లంపల్లిలో కొన్నాళ్లు 'ఇగో'యే నడిచింది. ఆమె పలికింది. వానలు మొదలైన రోజుల్లో అనుకుంటాను, వాడకట్టు నల్లా దగ్గర బిందెల వరసలో నిలబడ్డాను. నాకన్నా పొడుగు పిల్లొకతి ముందుకు జొరబడింది. నేను ఊరుకునే రకమా? మాటా మాటా పెరిగింది. మాటల్లో నాతో నెగ్గలేక అది, "పోవే, మీ అవ్వ ఎర్రిది, గవ్వలు తీస్కపోయి గోదాట్ల ఏసింది" అంది. "మా అవ్వను ఎర్రిదంటవా" అని దాని జుట్టు పట్టుకున్నాను. ఇద్దరం బురదలో పడ్డాం, రెండు బిందెలు సొట్టపోయాయి. లేచి చూస్తే ఆమె బకెట్‌తో వెనకే నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచో తెలియదు. నా మోచేతి బురద కొంగుతో తుడిచి, నా బిందె తీసి నల్లా కింద పెట్టి, "నీ వంతు వచ్చింది, పట్టుకో" అంది. ఆ సాయంత్రం తమ్ముడు చెప్పిన చాడీ విని బాపు నన్ను తిట్టబోతే, "పిల్లల లొల్లి, నీకెందుకు" అంది. అంతే. ఓడిపోతే నోరు తెరిచి అనాల్సిన మాట, ఎవరూ గెలవని ఆట వల్ల, ఆ ఎర్రి కథ వల్లే, తగవులో నా నోట్లోంచి జారింది. జారింది మళ్లీ లోపలికి పోలేదు.

పోయిన నెల రైలు కూడా వంతెన ఎక్కింది. తమ్ముడు సమయానికి లేచి నిలబడి చేయి ఊపుతూ కథ మొదలుపెట్టాడు. వాడి బిడ్డ అయస్కాంతం పలక ఆమె ముందు పెట్టి, "నానమ్మా, నీ వంతు" అంటోంది. ఆమె కాయ జరిపి, మనవరాలి కాయను చంపి, తీసి ఊదింది. నేను లేచి వెళ్లి ఆమె ఎడమచెవి పక్కన కూర్చున్నాను. తమ్ముడికి వినపడకుండా అడిగాను. ఆమె నా వైపు తిరిగి, శ్రద్ధగా విని, "ఏందీ, మంచిర్యాల అచ్చిందా?" అంది. కళ్లు మాత్రం నవ్వుతున్నాయి.

ఆ తువ్వాల ఇప్పుడు నా బీరువాలో ఉంది. ఎరుపు వెలిసి ఇటుకరంగుకు వచ్చింది, చెవులు కొన్ని తెగాయి, నడుమ గడి చెవి మాత్రం ఇంకా బిగువుగానే ఉంది. ఏళ్లు గడిచేకొద్దీ నాకు పందేలన్నీ చిన్నవైపోయాయి, ఒడువని ఆ ఒక్క ఆట మాత్రం పెద్దదవుతూ వచ్చింది. ఎవరి మాటా వినని చెవి నీది, నాకు తెలుసు. అయినా రాతలో అడిగితే తమ్ముడి బిడ్డ చదివి వినిపిస్తుంది కదా అని అడుగుతున్నాను. నీకు కావలసింది రెండే, అది నీ చేతిలోనే ఉండె. మరి కొంగుముడి ఇప్పకుంటనే కిటికీలకెల్లి చెయ్యెందుకు చాపినవ్, అవ్వా?